తీగ చెట్టును తాగేస్తుందా? మానుతీగలపై పాఠకుల ప్రశ్నలు

వానలు మొదలైతే తీగల గురించి వచ్చే ఉత్తరాలు ఏటా పెరుగుతాయి. ఈసారి బీర, కాకర పాదుల సంగతులను పక్కన పెట్టి, కాండం చెట్టు మానులాగా చేవదేరి ఏళ్ళ తరబడి బతికే తీగల మీద వచ్చిన ప్రశ్నలకే చోటిచ్చాం. వృక్షశాస్త్రజ్ఞులు వీటిని లియానాలు అంటారు. ఈ శీర్షికలో మానుతీగలు అని పిలుచుకుందాం.

ప్రశ్న: మాది అడ్డతీగల మండలంలోని పల్లె. విస్తళ్ళు కుట్టే అడ్డాకులు కోస్తూ పెరిగినవాళ్ళం. తొడ లావున్న అడ్డతీగ కూడా గొడ్డలి వేటుకు చెట్టులా పుటుక్కున విరగదు, మోకులా చీలికలవుతుంది. దీన్ని చెట్టనాలా, తీగనాలా? అంత లావు కాండం ఉండి తనంతట తాను ఎందుకు నిలబడలేదు?

జవాబు: అది తీగే. వేళ్ళు నేలలో ఉండి, కాండంలో ఏటేటా కొయ్య పెరుగుతూ, ఆకులను ఎండలోకి చేర్చుకోవడానికి మాత్రం పక్క చెట్టు మీద ఆధారపడే మొక్కను మానుతీగ అంటాం. చెట్టు తన సంపాదనలో పెద్ద భాగాన్ని తన బరువును తాను మోసుకోవడానికీ, గాలికి నిలదొక్కుకోవడానికీ కావలసిన మాను మీద పెడుతుంది. మానుతీగ ఆ ఖర్చు పెట్టదు. పొరుగువాడు కట్టిన మేడ మెట్లెక్కి డాబా మీద ఎండ కాచుకునేవాడికి ఇల్లు కట్టే ఖర్చు ఎలా ఉండదో దీనికీ అంతే. మిగిలిన సంపాదనంతా ఆకులకూ, పొడవుకూ, నీరు మోసే గొట్టాలకూ పోతుంది. మీరు అడిగిన తక్కిన సంగతులన్నీ ఈ ఒక్క పొదుపు నుంచే పుట్టాయి.

మీ గొడ్డలి చెప్పిన మాట నిజమే. చెట్టు మానులో కొయ్య ఒకే దిమ్మెగా ఉంటుంది. చాలా మానుతీగలలో కొయ్య పాయలు పాయలుగా విడిపోయి, ఆ పాయల మధ్య మెత్తని కణజాలం ఉంటుంది. పగ్గంలో పురులు ఒకదాని మీద ఒకటి జారినట్టు ఈ పాయలు కూడా కొద్దికొద్దిగా కదులుతాయి కనుక, కాండం మెలితిరిగినా, మోస్తున్న చెట్టు కూలినా, తీగ తెగకుండా దానితోపాటు నేల మీదికి వాలి, అక్కడి నుంచి కొత్త చిగుళ్ళతో మళ్ళీ పైకి బయలుదేరుతుంది. ఈ అమరికను చూడటానికి అడవిదాకా పోనక్కరలేదు. బొటనవేలు లావున్న తిప్పతీగ ముక్కను పదునైన కత్తితో అడ్డంగా కోయండి. బండి చక్రం ఆకుల్లాగా నడిమి నుంచి అంచు వైపు సాగే గీతలు, వాటి మధ్య కొయ్య ముక్కలు స్పష్టంగా కనిపిస్తాయి. అడ్డతీగకు దగ్గరి చుట్టాలైన కొన్ని తీగలలో కాండం పట్టీలాగా బల్లపరుపై, అలలు అలలుగా వంగి, కోతులు ఎక్కే నిచ్చెనలా పెరుగుతుంది.

ఆరిన ముక్కను వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే ఇంకో సంగతి తెలుస్తుంది. కొయ్యలో సూది బెజ్జాల్లాంటి రంధ్రాలు కంటికి ఆనుతాయి. అవి నీరు మోసే నాళాలు. చెట్లలో ఇవి సాధారణంగా మిల్లీమీటరులో పదో వంతు నుంచి అయిదో వంతు వెడల్పు ఉంటాయి. పెద్ద మానుతీగలలో అర మిల్లీమీటరు దాకా పెరుగుతాయి. గొట్టం వ్యాసం రెట్టింపైతే అందులో పారే నీరు రెట్టింపు కాదు, 16 రెట్లవుతుంది. అందుకే చేతిమణికట్టంత కాండం ఒక చిన్న చెట్టు గుబురుకు సరిపడా ఆకులకు నీరందించగలదు. దీనికి మూల్యమూ ఉంది. వెడల్పు గొట్టంలో గాలి బుడగ చేరితే నీటి ధార తెగిపోవడం సులువు. నీరు గడ్డకట్టే చలి ఉన్న దేశాలలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. ఉష్ణమండలపు అడవులలో వందల రకాల మానుతీగలు ఉండి, చలి దేశాలలో కొద్ది రకాలే కనిపించడానికి ఇది ఒక ముఖ్య కారణం.

కొన్ని జాతుల తీగలను నరికి ఆ నీరు తాగే అలవాటు అడవుల్లో బతికేవారికి ఉంది. వారు ముందు పైన నరికి, తరువాత కింద నరుకుతారు. కింద మాత్రమే నరికితే ఆకులు లాగే లాగుడుకు గొట్టాలలోని నీరంతా పైకి పోతుంది, చేతికి చుక్క రాదు. అయితే ప్రతి తీగ నీరూ తాగదగినది కాదు. తెలిసినవారు పక్కన లేకుండా ఎవరూ ఈ ప్రయోగం చేయవద్దు.

ఇక మీ అడ్డతీగ సంగతి. దేవకాంచనం చెట్టు ఆకు చూసినవారికి దీని చుట్టరికం ఇట్టే తెలుస్తుంది. ఒకే ఆకు రెండు రెక్కలుగా చీలి, ఒంటె గిట్టలా ఉంటుంది. స్విట్జర్లాండుకు చెందిన బాయిన్ సోదరులిద్దరూ వృక్షశాస్త్రజ్ఞులు కావడంతో, ఈ జంట రెక్కల ఆకును చూసి స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ ఈ ప్రజాతికి వారి పేరు మీద బాహినియా అని పెట్టాడు. ఇప్పటి శాస్త్రజ్ఞులు అడ్డతీగను దాని నుంచి విడదీసి ఫనేరా అనే ప్రజాతిలో చేర్చారు, పేరు మారినా విస్తరి మారలేదు. లేత కొమ్మల నిండా తుప్పు రంగు నూగు, కొమ్మ చివర రెండుగా చీలి చుట్టుకునే నులితీగలు, తెల్లగా విరిసి పసుపు తిరిగే పూలు, మఖమలు గుడ్డ చుట్టినట్టుండే జానెడు పైబడిన కాయలు దీని గుర్తులు. ఎండకు ఆ కాయ చిట్లి గింజలను దూరంగా విసురుతుంది. వేయించిన గింజలు తింటారని, నారతో తాళ్ళు పేనుతారని మీకు నేను చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే. గిరిజన సహకార సంస్థ కొనే అటవీ ఉత్పత్తుల్లో అడ్డాకు కూడా ఉందన్నది మైదాన ప్రాంతాల పాఠకుల కోసం రాస్తున్నాను. ఒక్క మాట: ఆకు కోసం కొమ్మనే నరికే పద్ధతి కొన్ని చోట్ల మొదలైంది. తీగ మళ్ళీ చిగురిస్తుంది నిజమే, కానీ ఆకు కోసి కొమ్మ వదిలిన తీగ ఇచ్చినంత ఆకును మరుసటి ఏడు అది ఇవ్వలేదు.

ప్రశ్న: మా పెరటి వేపచెట్టు మీద తిప్పతీగ పాకింది. అది వేప రసం తాగి బతుకుతుందనీ, వేప మీద పాకినదానికే చేదు, గుణం ఎక్కువనీ, చివరికి చెట్టు ఎండిపోతుందనీ మా అత్తగారు అంటారు. తీసేయమంటారా? (ఖమ్మం నుంచి ఒక గృహిణి)

జవాబు: తాగదు. తిప్పతీగ వేళ్ళు వేప బెరడులోకి దిగవు, తన నీరు తాను నేల నుంచే తెచ్చుకుంటుంది, తన చేదు తాను తయారు చేసుకుంటుంది. కంచె మీద పాకినా అది చేదుగానే ఉంటుంది. చెట్టు రసం తాగే మొక్కలు వేరే ఉన్నాయి. మామిడి కొమ్మల మీద ముడి వేసుకుని కూర్చునే బదనిక అలాంటిది. అది కొయ్యలోకి పీల్చుడు వేళ్ళను దింపి చెట్టు తెచ్చిన నీటిని, లవణాలను లాక్కుంటుంది. పసుపు దారాల్లా కంచెల మీద అల్లుకునే సీతమ్మ పోగునూలు మరీ ఘనురాలు, దానికి ఆకులే లేవు, ఆహారం కూడా ఆతిథ్యమిచ్చిన మొక్కదే.

మీ అత్తగారి అనుమానానికి కారణం లేకపోలేదు. తిప్పతీగ పై నుంచి సన్నని దారాల్లాంటి వేళ్ళను వదులుతుంది. మా ఇంటి వేపచెట్టు మీది తిప్పతీగను ఒకసారి పనివాళ్ళు మొదలంటా నరికేశారు. పీడ విరగడైందనుకున్నాం. పైన ఉన్న భాగం వాడలేదు సరికదా, కొన్ని వారాలకు పది అడుగుల ఎత్తు నుంచి లేత ఆకుపచ్చ దారాలు నాలుగైదు గాలిలో వేలాడుతూ దిగివచ్చాయి. అందులో రెండు నేలను తాకి పాతుకున్నాక దారం కాస్తా పురికొసంత లావైంది, తీగ మళ్ళీ చిగిర్చింది. కొన్నాళ్ళు నేలతో సంబంధం లేకుండా బతకగలిగినది చెట్టు రసం వల్ల కాదు, కండగల కాండంలో దాచుకున్న నీటి వల్ల.

అయితే రసం తాగకపోవడం వేరు, హాని చేయకపోవడం వేరు. ఏ తీగైనా చెట్టు ఆకుల మీద కప్పులా పరుచుకుంటే ఎండ తగ్గుతుంది, గాలివానకు బరువు పెరుగుతుంది, కింద వేళ్ళు రెండూ ఒకే నీటికి పోటీ పడతాయి. ముదురు వేపకు ఒక తిప్పతీగ లెక్కలోనిది కాదు. గుబురు పైభాగం కనిపిస్తున్నంత కాలం వదిలేయండి, చెట్టు కొసలను కప్పేస్తుంటే ఆ పై భాగాన్ని మాత్రం తగ్గించండి. మూడు, నాలుగేళ్ళ మొక్క మీద పాకుతుంటే మొహమాటపడకుండా తీసేయండి.

ప్రశ్న: నేను ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. తీగలు ఎన్ని రకాలుగా ఎక్కుతాయి? ఎక్కడానికి చెట్టు ఎక్కడుందో కళ్ళు లేని మొక్కకు ఎలా తెలుస్తుంది? అన్నీ ఒకే వైపు చుట్టుకుంటాయా? పిల్లలతో చేయించదగిన ప్రయోగం ఉంటే చెప్పండి.

జవాబు: ఎక్కే పద్ధతులను శ్రద్ధగా వర్గీకరించినవాడు చార్లెస్ డార్విన్. జబ్బు పడి రాత్రింబవళ్ళు గది దాటలేని రోజుల్లో కుండీలో ఒక హాప్ తీగను పెట్టుకుని, దాని కొస గాలిలో గుండ్రంగా తిరగడాన్ని గంటల తరబడి చూసి లెక్క రాశాడు. ఒక్కో చుట్టుకు సగటున 2 గంటల 8 నిమిషాలు పట్టింది. ఆ పరిశీలనలు 1865లో అచ్చయ్యాయి. ఆయన చెప్పిన పద్ధతులకు మన మొక్కలే ఉదాహరణలు: కాండంతో చుట్టుకునేవి పొడపత్రి, గురివింద. నులితీగలతో పట్టుకునేవి అడ్డతీగ, ద్రాక్ష. వేళ్ళతో బెరడుకు అతుక్కునేవి అరకు వైపు కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లెక్కే మిరియాల తీగలు. కొక్కేలతో, ముళ్ళతో తగులుకునేవి శీకాయ, గచ్చకాయ, కాగితం పూలు, బెత్తం. బెత్తం నిజానికి తాటి, కొబ్బరిల కుటుంబంలోదే. ఆకు కొసనో, ఆకు మొదలు దగ్గర నుంచో కొరడాలాంటి తోక సాగి, దాని నిండా వెనక్కి వంగిన కొక్కేలు ఉంటాయి. అడవిలో చొక్కా తగులుకుంటే ముందుకు లాగకూడదు, రెండడుగులు వెనక్కి వేస్తేనే వదులుతుంది. ఒకప్పటి బడిపిల్లల అరచేతులకు మాత్రమే పరిచయమైన ఈ మొక్క అడవిలో వంద మీటర్లు దాటి కూడా పెరగగలదు. (డార్విన్ ఆకు కాడలతో ఎక్కేవాటిని వేరే తరగతిగా చూపాడు, పిల్లలకు ఆ వివరం అవసరమైతేనే చెప్పండి.)

పద్ధతిని బట్టి ఎక్కగలిగే చెట్టు మారుతుందన్న సంగతి పాఠ్యపుస్తకాల్లో అరుదుగా కనిపిస్తుంది. చుట్టుకునే తీగకు మరీ లావైన మాను పనికిరాదు, జారిపోతుంది. నులితీగకు ఇంకా సన్నని పుల్ల కావాలి. అందుకని ఇవి నేరుగా పెద్ద చెట్టెక్కవు. పొదను పట్టుకుని చిన్న మొక్క మీదికి, దాని మీద నుంచి కొమ్మకు, కొమ్మ మీద నుంచి గుబురులోకి పోతాయి. ఎంత లావు మానునైనా తిన్నగా ఎక్కగలిగేవి ఎక్కువగా వేళ్ళతో అతుక్కునేవే.

చెట్టు జాడ తెలుసుకోవడంలో చుట్టుకునే తీగలది తడుములాట. కొస తిరుగుతూ తిరుగుతూ దేనికి తగిలితే దాన్ని పట్టుకుంటుంది. కానీ కొన్ని తీగలు అంతకన్నా తెలివిగా ప్రవర్తిస్తాయి. మొక్కలన్నీ వెలుగు వైపు పోతాయని మనం చెబుతాం కదా, మధ్య అమెరికా అడవుల్లోని మాన్‌స్టెరా అనే తీగ మొలక మాత్రం నేల మీద పాకుతూ చీకటి వైపు పోతుందని స్ట్రాంగ్, రే అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1975లో చూపించారు. అడవి నేల మీద అన్నిటికన్నా చీకటి దిక్కు అంటే పెద్ద మాను ఉన్న దిక్కే. మాను తగలగానే మొక్క పద్ధతి మార్చి వెలుగు వైపు ఎక్కడం మొదలుపెడుతుంది.

చుట్టుకునే దిశ విషయానికొస్తే, పదింట తొమ్మిది జాతులు పై నుంచి చూసినప్పుడు గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతూ ఎక్కుతాయి. భూమధ్యరేఖకు ఉత్తరాన ఒక వైపు, దక్షిణాన మరో వైపు చుట్టుకుంటాయన్నది కథ మాత్రమే. దిశ జాతిని బట్టి ఉంటుంది, ఊరిని బట్టి మారదు. అడవి దుంపల్లోనే కొన్ని జాతులు కుడికి, కొన్ని ఎడమకు చుట్టుకుంటాయి.

ప్రయోగానికి శంఖుపుష్పమో చిక్కుడో చాలు. ఉదయం బడి మొదలయ్యే వేళకు కొస కింద నేల మీద సుద్దతో గుర్తు పెట్టించి, అరగంటకోసారి కొస ఎటు తిరిగి ఉందో గీత గీయించండి. మధ్యాహ్నానికి వలయం పూర్తవుతుంది. ఇంకొకటి: దొండ పాదులో పట్టు దొరికిన నులితీగను పిల్లల చేత దగ్గరగా చూడనివ్వండి. అది స్ప్రింగులా చుట్టుకుని ఉంటుంది, కానీ సగం దూరం ఒక వైపు, నడుమ చిన్న తిన్నని భాగం తరువాత మిగతా సగం ఎదురు వైపు. రెండు కొసలూ కట్టేసిన తాడును ఒకే వైపు పురి పెట్టడం సాధ్యం కాదు కనుక అలా రెండు వైపులా తిరగక తప్పదు. పిల్లలే ఒక రిబ్బను పట్టుకుని ప్రయత్నిస్తే కారణం చెప్పకుండానే తెలిసిపోతుంది.

ప్రశ్న: మా చేను గట్టున తాడిచెట్టును మర్రి చుట్టుకుంది. మర్రి కూడా మానుతీగేనా?

జవాబు: కాదు. తీగ నేల నుంచి పైకి పోతుంది, మర్రి పై నుంచి నేలకు వస్తుంది. పిట్ట వేసిన రెట్టలోని విత్తనం తాడి మట్టల మొదళ్ళ సందులో, అక్కడ చేరిన చెత్తలో మొలిచి, వేళ్ళను కిందికి దింపుతుంది. అవి నేలకు అందిన తరువాత ఒకదానితో ఒకటి అతుక్కుని వలలా మానును బిగిస్తాయి. మామూలు చెట్టయితే బెరడు కింద ఆహారం పోయే దారి నొక్కుకుపోతుంది. తాడిలో ఆ దారులు మానంతా చెదిరి ఉంటాయి, పైగా మాను లావెక్కదు కనుక, బిగింపుకు అంత తేలిగ్గా చావదు. ఉన్న ఒకే ఒక మొవ్వును మర్రి నీడ కప్పేసిన నాడు చస్తుంది. గీత చెట్టయితే మర్రి మొలకను చిన్నప్పుడే పీకించండి.

ప్రశ్న: మేము నార్త్ కరోలినాలో ఉంటాం. పెరట్లో ఓక్ చెట్టును పట్టుకుని బొచ్చు తాడులాంటి తీగ ఒకటి ముప్పై అడుగుల దాకా పాకింది. ఇండియా నుంచి వచ్చిన మా నాన్నగారు, చలికాలం కదా ఆకులు కూడా లేవు అని, దాన్ని చేతులతో లాగి పారేశారు. రెండు రోజులకు చేతులనిండా దురద, బొబ్బలు. ఎండిన తీగ అంత పని చేస్తుందా?

జవాబు: అది ఎండిన తీగ కాదు, ఆకు రాల్చిన తీగ. మీరు రాసిన గుర్తులను బట్టి అది పాయిజన్ ఐవీ. ఆ బొచ్చంతా బెరడుకు అతుక్కునే వేళ్ళు. వసంతంలో ఆకు వచ్చాక ఒక్కో కాడకు మూడేసి ఆకులు కనిపిస్తాయి. అయిదేసి ఉంటే అది వర్జీనియా క్రీపర్, వేరే మొక్క. పాయిజన్ ఐవీ ఆకు, కాండం, వేరు అన్నింటిలోనూ ఉరుషియాల్ అనే జిడ్డు పదార్థం ఉంటుంది. మొక్క చచ్చినా అది చాలాకాలం పోదు, గొడ్డలి పిడికీ, చేతి తొడుగులకూ అంటుకుని మరో రోజు మరొకరికి తగులుతుంది.

మీ నాన్నగారికి ఈ బాధ కొత్తదే కావచ్చు కానీ దీని చుట్టాలు కొత్తవి కావు. ఇది మామిడి, జీడిమామిడి, నల్లజీడి ఉన్న కుటుంబంలోదే. తోటలో కాయ కోసి అలాగే కొరికిన పిల్లల మూతి చుట్టూ మామిడి సొన చేసే పుండ్లు, జీడిపిక్కలు కాల్చేవారి చేతుల మీద మచ్చలు ఈ జాతి పదార్థాల పనే. చాకళ్ళు బట్టలకు గుర్తు పెట్టే నల్లజీడి రసంలోనూ ఇలాంటిదే ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో మన దేశానికి వచ్చిన అమెరికన్ సైనికులకు మెడ మీద, నడుము దగ్గర బొబ్బలు వస్తుంటే, చాకలి గుర్తు ఒంటికి తగిలే చోటే వస్తున్నాయని వైద్యులు గమనించారు. పాయిజన్ ఐవీ అంతకు ముందే తగిలి ఉన్న ఆ ఒళ్ళు నల్లజీడిని గుర్తుపట్టాయి. అందుకే మీ నాన్నగారు ఇకమీదట మామిడి పళ్ళు తొక్క తీసి, వేరొకరు కోసిచ్చినవి తింటే మేలు.

వెంటనే సబ్బుతో, ఎక్కువ నీటితో కడుక్కోవడమే మొదటి పని, ఆ వేళ దాటిపోయింది కనుక ఆ రోజు వేసుకున్న బట్టలు, పనిముట్లు కడగండి. బొబ్బల్లోని నీరు తగిలి ఇతరులకు సోకదు. ముఖం, కళ్ళ దగ్గర వస్తే వైద్యుడికి చూపించండి. పీకిన తీగను ఎట్టి పరిస్థితిలోనూ తగలబెట్టకండి, ఆ పొగ ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. మీ రాష్ట్రంలోనే డ్యూక్ విశ్వవిద్యాలయం అడవిలో, గాలిలో బొగ్గుపులుసు వాయువును పెంచి ఆరేళ్ళు పరిశీలించినప్పుడు ఈ తీగ మామూలు కన్నా రెట్టింపు పైగా వేగంతో పెరిగిందనీ, దాని ఉరుషియాల్ కూడా మరింత ఘాటైనదిగా మారిందనీ 2006లో ప్రకటించారు.

ప్రశ్న: నేను అటవీశాస్త్రం చదువుతున్నాను. మానుతీగల వల్ల అడవి కర్బనాన్ని దాచుకునే శక్తి తగ్గుతుందని చదివాను. అలాగైతే అడవుల్లో తీగలన్నీ నరికేయడం మంచిది కాదా?

జవాబు: మొదటి వాక్యం నిజం. దాని నుంచి రెండోది రాదు.

ఉష్ణమండలపు అడవుల్లో కొయ్యకాండం గల మొక్కలను లెక్కిస్తే చాలా చోట్ల నాలుగింట ఒకటి మానుతీగే. బరువులో మాత్రం వాటి వాటా పదో వంతు కూడా దాటదు. ఆ కొద్ది బరువు ఎంత ఎండను ఆక్రమిస్తుందో తెలుసుకోవడానికి పనామాలో స్టెఫాన్ ష్నిట్జర్, ఆయన సహచరులు కొన్ని అటవీ భాగాలలో తీగలన్నీ నరికి, కొన్నింటిని అలాగే వదిలి ఏళ్ళ తరబడి కొలిచారు. తీగలున్న చోట అడవి ఏటా అదనంగా దాచుకునే కర్బనం సుమారు 76 శాతం తక్కువగా ఉందని 2015లో తేలింది. చెట్టు పెరుగుదల తగ్గిన మేరకు తీగ పెరిగినా లెక్క సరిపోదు, ఎందుకంటే తీగ తన సంపాదనను కొయ్యలో కాకుండా ఏడాది తిరగకుండానే రాలిపోయే ఆకులో పెడుతుంది. అమెజాన్ అడవుల్లో పెద్ద తీగల వాటా పెరుగుతోందని 2002లోనే లెక్క వచ్చింది. ఆఫ్రికాలో కాంగో ప్రాంతపు ఇటూరి అడవిలో మాత్రం తగ్గింది, కనుక ఇది ప్రపంచమంతటికీ వర్తించే సూత్రం కాదు.

పెరిగిన చోట ఎందుకు పెరుగుతున్నాయన్నదానికి ఎండాకాలం ఒక జవాబు. పనామాలోనే కొలిచినప్పుడు, వానాకాలంలో తీగలు చెట్ల కన్నా రెండింతలు ఎత్తు పెరిగితే ఎండాకాలంలో దాదాపు ఏడింతలు పెరిగాయి. చెట్లు నీళ్ళు లేక ఆగిపోయిన నెలల్లో, మబ్బు లేని ఎండను తీగలు ఒంటరిగా అనుభవిస్తాయి. ఆరేడు నెలలు పొడిగా ఉండే మన తూర్పు కనుమల అడవులకూ, శ్రీహరికోట నుంచి తమిళనాడు దాకా తీరం వెంట ముక్కలు ముక్కలుగా మిగిలిన పొడి సతతహరిత అడవులకూ ఈ సంగతి దగ్గరది. ఆ తీరపు అడవుల్లో తీగలను జాతుల వారీగా లెక్కించిన పని చాలావరకు పుదుచ్చేరి విశ్వవిద్యాలయంలో ఎన్. పార్థసారథి, ఆయన విద్యార్థులు చేసినది. మీ చదువుకు అక్కడి నుంచి మొదలుపెట్టండి.

ఇక నరకడం. తీగ లాగితే డొంకంతా కదలడం అడవిలో అక్షరాలా జరిగే పని. పది చెట్ల గుబుర్లను ఒకే తీగ కట్టి ఉంచితే, ఒక చెట్టును నరికినప్పుడు అది తక్కినవాటి కొమ్మలను ఊడబెరుకుతుంది, ఒక్కోసారి కొట్టేవాడు అనుకోని దిక్కున మరో చెట్టు పడుతుంది. అందుకని కలప తీసే అడవుల్లో కొన్ని నెలల ముందే తీగలను కోసి ఎండనివ్వడం మంచి పద్ధతి. టేకు తోటల్లోనూ సరే. కానీ కలప తీయని అడవిలో, ముఖ్యంగా అభయారణ్యాల్లో, కర్బనం లెక్క ఒక్కటే చూసి తీగలు నరకమనడం, ఇంటి ఖర్చు తగ్గుతుందని వంట మానేయమనడం లాంటిది. శేషాచలం కొండల్లోని దేవాంగపిల్లికి దూకడం రాదు. కొమ్మ నుంచి కొమ్మకు చేయి చాచి మెల్లగా నడిచే ఆ జంతువుకు రెండు చెట్ల మధ్య తీగే వంతెన, అది తెగితే నేల మీదికి దిగవలసిందే. నల్లమలలో బెట్టుడుత ప్రయాణాలకూ అల్లుకున్న గుబుర్లే దారి. ఈశ్వరి తీగ లేనిచోట ఎర్ర ఒంటి నల్ల సీతాకోకచిలుకలు గుడ్డు పెట్టవు. వాటి గొంగళి పురుగులు తినేది ఆ జాతి ఆకులనే, ఆ ఆకులోని విషాన్ని ఒంట్లో దాచుకోవడం వల్లే పిట్టలు వాటి జోలికి పోవు. ఈ సంచిక మొదటి ఉత్తరం రాసిన పల్లెవారి అడ్డాకుల మాట సరే సరి.

అడవుల మీద నిజంగా భారం మోపేవి తమ చోటు కాని చోటికి చేరిన తీగలు. మన తీగలూ అలా పరాయి చోటికి చేరాయి. మన కావ్యాల్లో మామిడిని పెనవేసుకునే మాధవీలత మూడు రెక్కల కాయలతో గాలిలో వ్యాపిస్తూ మారిషస్, రీయూనియన్ దీవుల్లో స్థానిక అడవులను కప్పేస్తోంది. అక్కడ దాన్ని నరకడానికి మనుషులను పెట్టి మరీ ఖర్చు పెడుతున్నారు, ఆ నరుకుడును నేను కాదనను.

ప్రశ్న: భీమిలి దగ్గర సముద్రపు ఒడ్డున అరచేతి నడిమంత పెద్ద గోధుమరంగు గింజ దొరికింది. రాయిలా గట్టిగా ఉంది, నీటిలో తేలుతోంది. ఫొటో పంపుతున్నాను. ఇది మొలుస్తుందా?

జవాబు: ఫొటోలోది గిల్లతీగ గింజ. చిక్కుడు కుటుంబంలోని ఈ మానుతీగ కాయ మీటరు పొడవు దాటుతుంది. కాయ గింజకొక గది చొప్పున ముక్కలుగా విడిపోయి, వాగుల వెంట కొట్టుకుపోయి సముద్రం చేరుతుంది. లోపల రెండు పప్పుల మధ్య గాలి ఉన్న ఖాళీ వల్ల తేలుతుంది, పెంకు నీటిని రానివ్వదు కనుక నెలల తరబడి తేలినా చావదు. మీ గింజ తూర్పు కనుమల వాగుల్లో దిగి వచ్చిందో, బంగాళాఖాతం అవతలి నుంచి వచ్చిందో గింజను చూసి చెప్పలేం. ఇదే ప్రజాతి గింజలు అట్లాంటిక్ మహాసముద్రం దాటి నార్వే ఒడ్డుకు చేరితే, అక్కడివారు ఒకప్పుడు కాన్పు సులువవుతుందని తల్లుల చేతికి ఇచ్చేవారట. మణిపూర్‌లో కాంగ్ అనే ఆటను ఈ గింజలతోనే ఆడేవారు, ఆటకు ఆ పేరు గింజ నుంచే వచ్చింది.

మొలకెత్తించాలంటే అంచున ఒకచోట ఆకురాయితో పెంకును లోపలి తెలుపు కనిపించేదాకా అరగదీసి, గోరువెచ్చని నీటిలో నానబెట్టండి. ఉబ్బితే బతికి ఉన్నట్టే, లోతైన కుండీలో గుచ్చండి. నానిన నీరు సబ్బులా నురగ వస్తుంది, అందులోని సాపొనిన్లు ఒంటికి మంచివి కావు కనుక పిల్లల నోటికి అందకుండా పారబోయండి. మొలిచిన తరువాత మాత్రం దాన్ని మీ పెరట్లో నాటకండి, కొబ్బరి చెట్లెన్ని ఉన్నా ఆ తీగకు చాలవు. దగ్గరలోని వృక్షోద్యానంవారిని అడిగి, పెద్ద చెట్లూ ఖాళీ స్థలమూ ఉన్న మూలకు ఇచ్చేయండి.